పాత స్పోర్ట్సు కారుకు చల్లగాలి: సెరంగూన్ ఉక్కలో ఒక వేడి లెక్క

సింగపూరులో నివసించే తెలుగువారికి సెరంగూన్ రోడ్డును కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. 1855లో వెలసిన శ్రీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయం, పూలదండల అంగళ్ళు, పచారీ దుకాణాలు, పండుగనాటి సందడి అన్నీ ఆ వీథిలోనే ఉన్నాయి. ఆదివారం సాయంత్రం అక్కడ వాహనాలు చీమల బారులాగా కదులుతాయి. ఆ బారులో అప్పుడప్పుడు ఎత్తు తక్కువగా, ముక్కు పొడుగుగా ఉండే పాతకాలపు స్పోర్ట్సు కారు ఒకటి కనిపిస్తుంది. చుట్టూ ఉన్న కార్లన్నీ అద్దాలు బిగించుకొని చల్లగా సాగుతుంటే, దాని అద్దాలు మాత్రం పూర్తిగా దించి ఉంటాయి. లోపలివారి చొక్కాలు చెమటతో తడిసి ఉంటాయి.

ఇటువంటి కార్లకు ఈ దీవిలో చరిత్ర ఉన్నది. 1961 నుండి 1973 వరకు ఇక్కడి ఎగువ థామ్సన్ రోడ్డు మీద సింగపూర్ గ్రాండ్ ప్రీ పందేలు జరిగాయి. మొదటి పందెంలో ఇయాన్ బార్న్‌వెల్ ఆస్టన్ మార్టిన్ కారు నడిపి గెలుపొందాడు. ఆ తరానికి చెందిన కార్లను భద్రపరచుకొన్నవారు నేటికీ ఉన్నారు. 35 సంవత్సరాలు నిండిన కార్లను ఒక ప్రత్యేక పథకం కింద నమోదు చేసుకొని, ఏడాదికి 45 రోజులు రోడ్డు మీద నడుపుకొనే వీలు ప్రభుత్వం కల్పించింది. అయితే ఆ 45 రోజులలోనూ ఎండకు, ఉక్కకు జడిసి ఇల్లాలూ పిల్లలూ కారెక్కకపోతే, ఆ ముచ్చట యజమాని ఒక్కడితోనే ఆగిపోతుంది. తిరగని కారు కొంతకాలానికి తుప్పుకు ఆహారమవుతుంది.

అందుచేత, పాత స్పోర్ట్సు కారులో ఎయిర్ కండిషనర్ అమర్చవచ్చునా అనే ప్రశ్న సహజంగానే పుడుతుంది. అమర్చవచ్చును. కాని ఆ పనిలో చల్లబరిచే యంత్రం చివరి అంకం మాత్రమే. దానికి ముందు కారు వేడి లెక్క, విద్యుత్తు లెక్క, ఊపిరి లెక్క సరిచేయాలి. ఈ వరుస తప్పితే కారు చల్లబడకపోగా ఇంజను మరుగుతుంది. ఈ సంగతిని కొద్దిపాటి భౌతికశాస్త్రం సహాయంతో పరిశీలిద్దాం. ఉదాహరణకు 1962 నుండి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో తయారైన ఎం.జి.బి. అనే కారును, అందులోనూ 1965లో వచ్చిన గట్టి పైకప్పుగల జి.టి. రకాన్ని తీసుకొందాం. తొలినాళ్ళలో ఈ కారుకు హీటరు కూడా అదనపు ధర చెల్లించి పెట్టించుకోవలసిన వస్తువే. చల్లగాలి ఊసు దాని రూపకర్తల మనసులో లేదని వేరే చెప్పనక్కరలేదు.

వేడిని తోడిపోసే చేద

శాస్త్రదృష్టిలో చల్లదనం అనే పదార్థమేదీ లేదు. ఉన్నది వేడి ఒక్కటే. నీరు పల్లానికి పారినట్లు, వేడి ఎక్కువ ఉష్ణోగ్రత గల చోటునుండి తక్కువ ఉష్ణోగ్రత గల చోటికి తనంతట తానే ప్రవహిస్తుంది. దానిని ఎదురుదిశలో పంపాలంటే, గిలక మీద చేదతో బావినీరు తోడినట్లు, పని చేయవలసి ఉంటుంది. ఎయిర్ కండిషనర్ అంటే వేడిని తోడిపోసే చేద.

ఈ చేద రూపంలో పనిచేసే ద్రవాన్ని శీతలకం అంటారు. నేడు పాత కార్లలో అమర్చే యంత్రాలలో సామాన్యంగా వాడేది ఆర్-134ఎ. వాతావరణ పీడనానికి సుమారు మూడు రెట్లు పీడనం వద్ద ఇది సున్నా డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా మరుగుతుంది. కారు లోపల ఉండే ఎవాపరేటర్ అనే గొట్టాల చుట్టలో అది మరిగి ఆవిరి అవుతూ, అందుకు కావలసిన గుప్తోష్ణాన్ని లోపలి గాలినుండి గ్రహిస్తుంది. ఆ ఆవిరిని ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసర్ నొక్కి, వాతావరణ పీడనానికి సుమారు పదిహేను రెట్లకు పెంచుతుంది. ఆ పీడనం వద్ద అది 55 డిగ్రీల దగ్గరే తిరిగి ద్రవమవుతుంది. కనుక బయటి గాలి 32 డిగ్రీలున్నా దానికి చల్లగానే తోస్తుంది. కారు ముందుభాగంలోని కండెన్సర్‌లో శీతలకం తన వేడిని బయటి గాలికి ఇచ్చి ద్రవంగా మారుతుంది. అక్కడినుండి సన్నని ద్వారం గల ఎక్స్‌పాన్షన్ వాల్వు గుండా మళ్ళీ తక్కువ పీడనంలోకి దూకి, చల్లబడి, ఎవాపరేటర్‌ను చేరుతుంది. చక్రం ఇలా సాగుతూనే ఉంటుంది.

ఈ సూత్రం మనకు కొత్త కాదు. వేసవిలో కూజా నీరు చల్లబడడానికి, వట్టివేళ్ళ తడికలు తడిపితే గది చల్లబడడానికి కారణం నీరు ఆవిరి అవుతూ గుప్తోష్ణాన్ని తీసుకొనిపోవడమే. హైదరాబాదు వేసవిలో కూలర్లు పనిచేసేది ఈ సూత్రం మీదనే. అదే కూలర్‌ను సింగపూరు తెచ్చి పెడితే గది చల్లబడదు సరికదా, మరింత చెమ్మగిల్లుతుంది. ఇక్కడి గాలి అప్పటికే నీటి ఆవిరితో నిండి ఉండడమే ఇందుకు కారణం. సెరంగూన్‌లో అసలు సమస్య ఇక్కడే ఉన్నది.

అసలు శత్రువు తేమ

1902లో విల్లిస్ కారియర్ అనే అమెరికన్ ఇంజనీరు తొలి ఆధునిక ఎయిర్ కండిషనింగ్ యంత్రాన్ని రూపొందించినది మనుషుల సుఖం కోసం కాదు. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయంలో గాలిలోని తేమకు కాగితం సాగి, కుంచించుకొని, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడేవి కావు. ఆ తేమను అదుపు చేయడానికే ఆ యంత్రం పుట్టింది. ఆ తరువాత ఎంతో కాలానికి, సింగపూరు తొలి ప్రధాని లీ క్వాన్ యూ తమ దేశ ప్రగతికి ఎయిర్ కండిషనర్ ఎంతో తోడ్పడిందని పలుమార్లు చెప్పారు. తాను పదవిలోకి రాగానే ప్రభుత్వ కార్యాలయాలలో వాటిని పెట్టించిన సంగతి కూడా వివరించారు.

తేమ ప్రభావాన్ని అంకెలలో చూద్దాం. సెరంగూన్‌లో మధ్యాహ్నం ఉష్ణోగ్రత 32 డిగ్రీలు, సాపేక్ష ఆర్ద్రత 65 శాతం అనుకొందాం. ఈ గాలిని ఒక ఘనమీటరు తీసుకొని 10 డిగ్రీలకు చల్లబరచాలి. గాలి ఉష్ణోగ్రత తగ్గించడానికి సుమారు 25 కిలోజౌళ్ళ వేడిని తొలగిస్తే చాలు. కాని ఆ క్రమంలో సుమారు 13 గ్రాముల నీరు ద్రవీభవిస్తుంది. ఆ నీరు విడుదల చేసే గుప్తోష్ణం సుమారు 33 కిలోజౌళ్ళు. అంటే మొత్తం 58 కిలోజౌళ్ళలో సగానికి పైగా గాలిని చల్లబరచడానికి కాక, గాలిని పిండడానికే ఖర్చవుతున్నది.

ఇప్పుడు హైదరాబాదుకు వెళ్దాం. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, ఆర్ద్రత 25 శాతం. అక్కడి గాలి ఒక ఘనమీటరును అదే 10 డిగ్రీలకు తేవడానికి ఉష్ణోగ్రత నిమిత్తం సుమారు 32 కిలోజౌళ్ళు, నీటి నిమిత్తం సుమారు 11 కిలోజౌళ్ళు, వెరసి 43 కిలోజౌళ్ళు చాలును. ద్రవీభవించే నీరు సుమారు నాలుగు గ్రాములే. చూడడానికి ఎనిమిది డిగ్రీలు తక్కువైన సెరంగూన్ గాలే యంత్రానికి మూడవ వంతు అధిక భారం. పొడి ప్రదేశాలలో మెచ్చుకోలు పొందిన చిన్న యంత్రం ఇక్కడికి వచ్చి చతికిలపడడానికి ఇదే కారణం.

దీనిలో ఇంకొక చిక్కు ఉన్నది. పాత కారు సందులగుండా గంటకు 40 ఘనమీటర్ల బయటి గాలి లోపలికి చొరబడుతున్నదనుకొంటే, ఎవాపరేటర్ నుండి గంటకు అర లీటరు నీరు కారుతుంది. ఆ నీటిని గొట్టం ద్వారా కారు కిందికి వదలాలి. గొట్టం మూసుకుపోయినా, వంకర తిరిగినా నీరు తివాచీ కిందికి చేరుతుంది. ఎం.జి.బి.కి విడిగా చట్రం ఉండదు. నేలరేకు, గుమ్మాల కింది పెట్టెలే కారు బలమంతా. అవి తుప్పుపడితే కారే కూలుతుంది. చల్లదనానికి పోయి వెన్నెముకను పోగొట్టుకొన్నట్లవుతుంది.

వేడి ఆదాయ వ్యయాలు

ఇంటి ఖర్చుకు పద్దు రాసుకొన్నట్లే కారులోకి వచ్చే వేడికి పద్దు రాయాలి. ఎం.జి.బి. జి.టి. కారులో ఇద్దరు కూర్చొని మధ్యాహ్నం నెమ్మదిగా పోతున్నారనుకొందాం. అద్దాలగుండా వచ్చే సూర్యరశ్మి వలన సుమారు 1 కిలోవాట్, పైకప్పు, తలుపుల రేకులగుండా సుమారు 0.4 కిలోవాట్, ఇంజను, గేరుపెట్టె వైపునుండి సుమారు 0.5 కిలోవాట్, ఇద్దరి శరీరాలనుండి సుమారు 0.25 కిలోవాట్, సందులగుండా వచ్చే 40 ఘనమీటర్ల గాలి వలన సుమారు 0.65 కిలోవాట్ వేడి లోపలికి చేరుతుంది. వెరసి 2.8 కిలోవాట్లు. ఇది ఉజ్జాయింపు లెక్కే అయినా, ఏ పద్దు ఎంత అన్నది దీనివలన బోధపడుతుంది.

ఇప్పుడు యంత్రం జోలికి పోకుండానే ఏమేమి తగ్గించవచ్చునో చూద్దాం. సూర్యరశ్మిలోని శక్తిలో సుమారు సగం కంటికి కనబడని పరారుణ కిరణాలలో ఉంటుంది. కనుక వెలుతురును పోనిచ్చి పరారుణాన్ని అడ్డుకొనే స్వచ్ఛమైన ఫిల్మ్‌ను అద్దాలకు అంటించవచ్చు. ముందు అద్దం, ముందు పక్క అద్దాలు కనీసం 70 శాతం వెలుతురును, వెనుకటివి కనీసం 25 శాతం వెలుతురును పోనివ్వాలన్న ఇక్కడి నియమాన్ని మరువరాదు. ఇంజనుకు, మనకు మధ్యనున్న రేకుగోడకు, గేరుపెట్టె సొరంగానికి, పైకప్పు లోపలివైపునకు ఉష్ణనిరోధక పొరలు వేయాలి. తలుపుల రబ్బర్లు మార్చి సందులు బిగించాలి. ఇవన్నీ చేస్తే మొత్తం 2.8 నుండి సుమారు 1.8 కిలోవాట్లకు దిగుతుంది. ఒక్క నట్టు కోయకుండా, ఒక్క రంధ్రం చేయకుండా మూడవ వంతు భారం తగ్గినట్లే.

ఎండలో నిలిపిన కారు లోపల 55, 60 డిగ్రీలకు చేరే వేడిని త్వరగా దింపాలి కాబట్టి, యంత్రానికి పద్దుకంటే కొంత అధిక శక్తి ఉండవలసిందే. అయినా ఎక్కగానే రెండు నిమిషాలు అద్దాలు దించి నడిపితే ఆ వేడిగాలి దానంతటదే బయటికి పోతుంది. అది ఖర్చులేని శీతలీకరణం.

అద్దాలు మూసే ముందు ఊపిరి లెక్క

ఈ పద్దులో అంకెలకు అందని అంశం ఒకటి ఉన్నది. ఇన్నాళ్ళూ అద్దాలు దించి నడిపిన కారును ఇకమీదట మూసి నడపబోతున్నాం. పాత కారులో పొగగొట్టం కీళ్ళవద్ద సన్నని పగుళ్ళు, రేకుగోడలో వాడకం తప్పిన రంధ్రాలు, వెనుక తలుపు వద్ద ఎండిన రబ్బరు ఉండడం సర్వసామాన్యం. జి.టి. వంటి వాలు వెనుకభాగం గల కార్లలో, నడుస్తున్నప్పుడు వెనుక ఏర్పడే అల్పపీడనం పొగను ఆ సందులగుండా లోపలికి లాగుతుంది. అద్దాలు దించి ఉన్నంతకాలం ఆ పొగ పలచబడి పోయేది. మూసిన కారులో అదే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం కాగలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో అది ప్రాణవాయువుకంటే రెండువందల రెట్లు గాఢంగా పెనవేసుకొంటుంది. చల్లగాలికి కునుకు పట్టిందనుకొన్న పిల్లవానికి పట్టింది నిద్ర కాకపోవచ్చు.

కనుక కంప్రెసర్ కొనడానికి ముందే పొగగొట్టాన్ని చివరంటా పరీక్షింపజేయాలి. రేకుగోడ రంధ్రాలను, వెనుక తలుపు రబ్బరును బాగుచేయాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టి హెచ్చరించే చిన్న పరికరాన్ని లోపల ఉంచుకోవడం వివేకం. కొద్దిపాటి తాజా గాలి వచ్చే మార్గాన్ని తెరిచే ఉంచాలి. ఈ ఒక్క జాగ్రత్తకు మిగిలిన అన్నింటికంటే పెద్దపీట వేయాలి.

పాత డైనమో మోయగలదా?

కంప్రెసర్‌ను విద్యుత్తుతో నడపవచ్చు గదా అని కొందరికి తోచవచ్చు. 2.8 కిలోవాట్ల వేడిని తోడడానికి కంప్రెసర్‌కు సుమారు 1.4 కిలోవాట్ల శక్తి కావాలి. 12 వోల్టుల బ్యాటరీనుండి అది నూరు ఆంపియర్లకు పైమాటే. పాత కారుకు ఇది అసాధ్యం. అందుచేత బెల్టు ద్వారా ఇంజనే దానిని తిప్పాలి. 95 అశ్వశక్తి గల ఎం.జి.బి. ఇంజనుకు రెండు మూడు అశ్వశక్తులు పరుగులో లెక్కలోకి రావు. కాని ఎర్రదీపం వద్ద నెమ్మదిగా తిరుగుతున్న ఇంజను ఆ బరువుకు వణికి ఆగిపోవచ్చు. కంప్రెసర్ పట్టుకొన్న క్షణంలో కార్బురేటర్‌ను కాస్త తెరిచే చిన్న సాధనం దీనికి పరిష్కారం. ఇంధనం ఖర్చు గంటకు ముప్పాతిక లీటరు నుండి లీటరు దాకా పెరుగుతుంది.

బెల్టుతో తిప్పినా విద్యుత్తు అవసరం తీరదు. లోపలి పంకాకు సుమారు 10, కంప్రెసర్ అయస్కాంత క్లచ్‌కు 4, కండెన్సర్ పంకాకు 10, మొత్తం 24 ఆంపియర్లు. వానరాత్రి హెడ్‌లైట్లు, వైపర్లు, ఇగ్నిషన్ కలిసి మరొక 17, 18 ఆంపియర్లు. వెరసి 40 దాటింది. 1967కు ముందరి ఎం.జి.బి.లోని డైనమో గరిష్ఠంగా ఇచ్చేది 22 ఆంపియర్లు. ఇంజను నెమ్మదించినపుడు అది దాదాపు ఏమీ ఇవ్వదు. తరువాతి కార్లకు వచ్చిన తొలి ఆల్టర్నేటరు కూడా 34 ఆంపియర్లకే పరిమితం. కాబట్టి 55 లేక 65 ఆంపియర్ల ఆల్టర్నేటరు తప్పనిసరి. తొలినాటి కార్లలో బ్యాటరీ ధన ధ్రువాన్ని కారు దేహానికి కలిపేవారు. ఆల్టర్నేటరు పెట్టే ముందు దానిని ఋణ ధ్రువానికి మార్పించాలి. ఇది మరిచి తీగలు కలిపితే ఆల్టర్నేటరులోని డయోడ్లు క్షణంలో కాలిపోతాయి.

ఆ కార్లలో కారంతటికీ రెండే ఫ్యూజులు ఉండేవి. కొత్త పంకాలను పాత తీగలకు తగిలిస్తే, అరవై ఏళ్ళనాటి తొడుగు కరిగి మంటలకు దారితీయవచ్చు. బ్యాటరీనుండి విడిగా లావుపాటి తీగ, దానికి సొంత ఫ్యూజు, రిలే పెట్టించాలి.

రేడియేటరు ముందు నిలిచిన కుంపటి

లోపలినుండి తోడిన 2.8 కిలోవాట్లు, కంప్రెసర్ చేసిన పని 1.4 కిలోవాట్లు కలిసి 4.2 కిలోవాట్ల వేడి కండెన్సర్ వద్ద బయటపడుతుంది. కండెన్సర్ ఉండేది రేడియేటరుకు సరిగ్గా ముందు. అంటే ఇంజనును చల్లబరచవలసిన గాలి మొదట ఒక కుంపటి మీదుగా వస్తున్నదన్న మాట. ఆగి ఉన్న కారులో పంకా సెకనుకు 0.3 ఘనమీటరు గాలిని లాగుతున్నదనుకొంటే, ఆ గాలి రేడియేటరును చేరేసరికి సుమారు 12 డిగ్రీలు వేడెక్కుతుంది. 32 డిగ్రీల గాలి 44 డిగ్రీలవుతుంది. ఇంజను సెరంగూన్‌లోనే ఉన్నా ఎడారి గాలి పీలుస్తున్నట్లు లెక్క.

ఇక్కడే ముందు చెప్పిన ఉష్ణనిరోధక పొరల విలువ బయటపడుతుంది. లోపలి భారం 1.8 కిలోవాట్లకు దిగితే కండెన్సర్ వేడి 2.7 కిలోవాట్లకు దిగుతుంది. గాలి వేడెక్కేది 8 డిగ్రీలే. తలుపు రబ్బరు మారిస్తే ఇంజను బతుకుతుందన్న మాట వింతగా వినిపించినా, లెక్క అదే చెబుతున్నది. దానితోపాటు రేడియేటరు లోపల పేరుకొన్న గారను తొలగించాలి. అవసరమైతే మరొక వరుస గొట్టాలు గల కొత్త కోరు వేయించాలి. బెల్టుతో తిరిగే పాత పంకా ఇంజను నెమ్మదించినపుడు తానూ నెమ్మదిస్తుంది. అందువలన విడిగా విద్యుత్ పంకా అవసరం.

యంత్రం అమరిక

కార్ల ఎయిర్ కండిషనర్ చరిత్ర కూడా ఇటువంటి పాఠాలతోనే సాగింది. 1939లో అమెరికాలోని ప్యాకర్డ్ సంస్థ తొలిసారిగా కారుతోపాటు దీనిని అందించింది. దాని కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరిగేది. ఆపాలంటే కారు దిగి, ఇంజను మూత ఎత్తి, బెల్టు ఊడదీయాలి. ఎవాపరేటరు వెనుక సామాన్ల పెట్టెలో చోటు ఆక్రమించేది. 1954లో న్యాష్ సంస్థ అన్ని భాగాలనూ కారు ముందువైపునకు చేర్చింది. 1970లలో తేలికైన జపాను కంప్రెసర్లు ప్రచారంలోకి వచ్చాక చిన్న ఇంజనులకు కూడా ఈ భాగ్యం కలిగింది. నేటికీ పాత కార్లకు ఎక్కువగా వాడే అయిదు సిలిండర్ల సాండెన్ 508 కంప్రెసర్ ఒక చుట్టుకు 138 ఘన సెంటీమీటర్ల ఆవిరిని నొక్కుతుంది.

అమరికలో మెకానిక్ చేతి శుభ్రతకంటే ముఖ్యమైనది తేమను దూరంగా ఉంచడం. గొట్టాలలో నీటిబొట్టు మిగిలితే అది ఎక్స్‌పాన్షన్ వాల్వు వద్ద మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది. శీతలకంతోనూ నూనెతోనూ కలిసి లోహాన్ని తినివేస్తుంది. ఆర్-134ఎ యంత్రాలలో వాడే పాగ్ అనే నూనె గాలిలోని తేమను ఆబగా పీల్చుకొంటుంది. సెరంగూన్ గాలిలో దాని డబ్బా మూత తెరిచి ఉంచరాదు. తేమను పీల్చే రసాయనం గల డ్రయ్యర్‌ను అన్నిటికంటే చివర బిగించాలి.

ఆ తరువాత వాక్యూమ్ పంపుతో గొట్టాలను కనీసం అరగంట, ముప్పాతిక గంట ఖాళీ చేయాలి. ఇది కేవలం గాలిని తీయడానికి కాదు. 30 డిగ్రీల వద్ద నీరు వాతావరణ పీడనంలో ఇరవై నాలుగవ వంతు పీడనానికే మరుగుతుంది. పీడనాన్ని అంతకంటే బాగా కిందికి దించితే గొట్టాల మూలల్లో దాగిన తడి అంతా మరిగి ఆవిరై బయటికి వస్తుంది. తరువాత పంపు ఆపి పీడనం నిలకడగా ఉన్నదో లేదో చూడాలి. పెరుగుతున్నదంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. అటువంటప్పుడు శీతలకం నింపడం తగదు.

ఆకాశానికి మనం పడిన బాకీ

కారుతున్న యంత్రంలో మళ్ళీ మళ్ళీ శీతలకం నింపడం ఎందుకు తప్పో తెలియడానికి మన సికింద్రాబాదును తలచుకోవాలి. అన్నామలై విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివిన వీరభద్రన్ రామనాథన్ అనే యువకుడు 1960లలో సికింద్రాబాదులోని ఒక రిఫ్రిజిరేటర్ సంస్థలో ఉద్యోగం చేశాడు. యంత్రాలనుండి శీతలకం ఎందుకు అంత త్వరగా కారిపోతున్నదో కనుగొనడమే ఆయనకు అప్పగించిన పని. తరువాత అమెరికా వెళ్ళి వాతావరణ శాస్త్రవేత్త అయిన ఆయన 1975లో ఒక సంచలనాత్మక విషయాన్ని నిరూపించాడు. కారిపోయిన ఆ క్లోరోఫ్లోరోకార్బన్ల అణువు ఒక్కొక్కటి భూమి వేడిని పట్టి ఉంచడంలో బొగ్గుపులుసు వాయువు అణువుకంటే దాదాపు పదివేల రెట్లు శక్తిమంతమైనది. అంతకు ఒక ఏడాది ముందే, 1974లో, మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు ఆ వాయువులే ఓజోను పొరను నాశనం చేస్తాయని చూపారు. 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. కార్లలో వాడే ఆర్-12 స్థానంలో 1990ల ఆరంభాన ఓజోనుకు హానిచేయని ఆర్-134ఎ వచ్చింది.

అయితే ఆర్-134ఎ కూడా నిర్దోషి కాదు. నూరేళ్ళ కాలవ్యవధిలో దాని భూతాపశక్తి బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 1,430 రెట్లు. కారులో పట్టే 700 గ్రాములు గాలిలో కలిస్తే, ఒక టన్ను బొగ్గుపులుసు వాయువును వదిలినట్లే. అందుకే యూరపులో 2017 నుండి కొత్త కార్లన్నిటిలోనూ దానిని నిషేధించారు. ప్రస్తుతం కొత్త కార్లు అత్యల్ప భూతాపశక్తి గల ఆర్-1234వైఎఫ్ వైపు మళ్ళుతున్నాయి. ఏడాదికి కొద్ది రోజులే తిరిగే పాత కారులో కంప్రెసర్ సీలు ఎండి శీతలకం కారడం మామూలు. పక్షానికొకసారి ఇంజను నడిపి, పది నిమిషాలు చల్లగాలి వేస్తే నూనె తిరిగి సీలు తడిగా ఉంటుంది. చవకగా దొరుకుతున్నదని మండే వాయువులను నింపే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు. ఆ వాయువు కోసం రూపొందించని యంత్రంలో అది నిప్పుతో చెలగాటం.

కోయకుండా చేసిన మేలు

పాత కారు విలువ దాని పాతదనంలోనే ఉన్నది. ఒకసారి కోసిన రేకు తిరిగి అతకదు. కాబట్టి ప్రతి బ్రాకెట్టును ఇంజనుపై అప్పటికే ఉన్న రంధ్రాలకు బిగించాలి. ఎవాపరేటర్ పెట్టెను డాష్‌బోర్డు కింద, ఊడదీయడానికి వీలుగా వేలాడదీయాలి. గొట్టాలను హీటరు గొట్టాల దారిలోనే పంపాలి. తీసివేసిన డైనమోను, పాత పంకాను గుడ్డలో చుట్టి భద్రపరచాలి. రేపు మరొకరు దానిని పూర్వరూపానికి తేవాలనుకొంటే ఒక రోజు పనిలో అది సాధ్యం కావాలి. ఏ మార్పుకైనా ముందుగా భూరవాణా సంస్థ నియమాలను తెలుసుకోవడం యజమాని బాధ్యత.

పని వరుసను మరొకసారి క్రోడీకరిద్దాం. మొదట పొగగొట్టం, తరువాత సందులు, ఉష్ణనిరోధక పొరలు, అద్దాల ఫిల్మ్. ఆ తరువాత ఆల్టర్నేటరు, తీగలు. పిమ్మట రేడియేటరు, పంకా. అన్నిటికీ చివర కంప్రెసర్, దాని పరివారం. ఈ క్రమంలో నడిచినవారికి చిన్న యంత్రమే చాలును. క్రమం తప్పినవారికి ఎంత పెద్ద యంత్రమైనా చాలదు.

మన పిల్లలకు ఉష్ణగతిక శాస్త్రం పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం మాత్రమే. పాత కారు ఇంజను మూత ఎత్తి, ఏ గొట్టం చల్లగా ఉన్నదో, ఏది కాలుతున్నదో దూరంనుండే చూపి, కింద కారుతున్న నీటిని ఒక గ్లాసులో పట్టి కొలిపిస్తే, అదే అధ్యాయం కళ్ళకు కడుతుంది. పావుగంటలో గ్లాసులో చేరిన నీరెంతో తూచి, అది గాలిలోనుండి ఎలా వచ్చిందో, దానిని పిండడానికి ఎన్ని కిలోజౌళ్ళు పట్టాయో వారిచేతనే లెక్క కట్టించవచ్చు. ఆ లెక్క వచ్చిన పిల్లలు గదిలో ఎయిర్ కండిషనర్ మీట నొక్కేటప్పుడు కూడా, ఈ చల్లదనానికి మూల్యం ఎక్కడో ఎవరో చెల్లిస్తున్నారన్న సంగతి గుర్తుంచుకొంటారు.